పాత డూముల్లో ఎల్‌ఈడీ బల్బులు: పెరిగిన వెలుతురు ఎక్కడికి పోతోంది?

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు రాత్రిపూట దిగినవాళ్ళకు ఈ అనుభవం కొత్త కాదు. మలుపు తిరగ్గానే తెల్లటి వెలుగు కళ్ళలో కొడుతుంది. రెండు క్షణాల పాటు రోడ్డు అంచు ఎక్కడుందో తెలియదు. దగ్గరికొచ్చాక చూస్తే అది కొత్త మోడల్ కారేమీ కాదు, ఏ ముప్పై ఏళ్ళనాటి జీపో, రంగు వేయించి ముస్తాబు చేసిన అంబాసిడరో. ఆ డ్రైవరును అడిగితే "పాత లైట్లతో గుంత కూడా కనపడేది కాదన్నా, ఇప్పుడు పగలు మాదిరి ఉంటాది" అంటాడు. ఎదురొచ్చినవాడు మాత్రం తిట్టుకుంటూ పోతాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. పాత హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం మీద నడిచే వాదనలన్నీ ఇక్కడే చిక్కుకుంటాయి. బల్బు ఎంత వెలుతురు ఇస్తుంది అనేది ఒక ప్రశ్న. ఆ వెలుతురు ఎక్కడ పడుతుంది అనేది వేరే ప్రశ్న. షాపులో బల్బు వెలిగించి గోడ మీద చూపించేది మొదటిదానికే జవాబు.

ఇక్కడ పాత కార్లు అంటున్నది మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న వాటిని: 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్, అంతకు ముందే ఆగిన ప్రీమియర్ పద్మిని, రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ పెళ్ళికీ పొలానికీ ఒకటే బండిగా నడిచే మహీంద్రా జీపులు. వీటిలో ఎక్కువ వాటికి 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లే. చట్టం ప్రకారం ఏది వింటేజ్ అవుతుందో తర్వాత చూద్దాం.

డూములో ఏముంది

మెకానిక్కులు డూమ్ అని పిలిచే ఆ గుండ్రటి దీపం లోపల మూడు భాగాలుంటాయి. వెలుతురు పుట్టించే బల్బు, దాన్ని ముందుకు తిప్పే రిఫ్లెక్టరు, ఆ వెలుతురును రోడ్డు మీద పరిచే గీతల గాజు.

సీల్డ్ బీమ్ రకంలో ఈ మూడూ ఒకే ముద్ద. అమెరికాలో 1940 నుంచి కార్లన్నిటికీ ఇదే పద్ధతి వచ్చింది, ఆ సైజే ప్రపంచమంతా పాకింది. ఫిలమెంటు తెగితే మొత్తం తీసి పారెయ్యాల్సిందే. ఇలాంటి దానిలో ఎల్‌ఈడీ బల్బు పెట్టాలన్నా పెట్టే చోటు ఉండదు. డూమ్ మొత్తం మార్చాలి.

రెండో రకంలో వెనకనుంచి మామూలు బల్బు బిగిస్తారు. యూరప్ పద్ధతిలో దీన్ని ఆర్2 అంటారు. హైబీమ్‌కు 45 వాట్లు, డిమ్‌కు 40 వాట్లు. బల్బు కూర్చునే అంచు వెడల్పు 45 మిల్లీమీటర్లు, పేరు పీ45టీ. మూడోది అందరికీ తెలిసిన హెచ్4. 1971లో వచ్చిన ఈ హాలోజన్ బల్బు 60, 55 వాట్లది. దీని అంచు పీ43టీ కాబట్టి ఆర్2 డూములో నేరుగా కూర్చోదు. కొందరు వాషర్ పెట్టో, అంచు అరగదీసో ఇరికిస్తారు. బల్బు వెలుగుతుంది, కానీ ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగి వెలుగుతుంది. ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖరీదు ఎంతో చూస్తే మిగతా సంగతంతా తేటపడుతుంది.

ఫిలమెంటు కూర్చున్న చోటే అసలు సంగతి

పాత స్టీలు టార్చిలైట్లకు తల తిప్పితే వెలుగు ఒకసారి చుక్కలా, ఒకసారి చాపలా మారేది గుర్తుందా? బల్బు మారలేదు, బ్యాటరీ మారలేదు. బల్బుకూ రిఫ్లెక్టరుకూ మధ్య దూరం మాత్రం మారింది. హెడ్‌లైట్‌లో జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ ఆ దూరాన్ని ఫ్యాక్టరీలోనే ఖాయం చేసి పెట్టారు.

రిఫ్లెక్టరు వంపు పరావలయం ఆకారంలో ఉంటుంది. దాని ఫోకస్ బిందువు దగ్గర వెలుతురు పుడితే, తగిలిన కిరణాలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ముందుకు పోతాయి. హెచ్4లో హైబీమ్ ఫిలమెంటు ఉండేది అక్కడే. డిమ్ ఫిలమెంటును కావాలనే ఆ బిందువుకు కాస్త ముందు పెడతారు. అప్పుడు రిఫ్లెక్టరు పైసగానికి తగిలిన వెలుతురు కిందికి దిగుతుంది, రోడ్డు మీద పడుతుంది. కిందిసగానికి తగిలితే పైకి లేస్తుంది. అది ఎదుటివాడి కళ్ళలోకి పోయేదే. అందుకే డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. హెచ్4 బల్బును పట్టుకుని చూస్తే గాజు లోపల తళుక్కుమంటూ కనిపించేది అదే. కిందికి పోయే వెలుతురును అది అడ్డగిస్తుంది. దొప్ప అంచు నీడే గోడ మీద పడే అడ్డగీత. ఆ గీత పైన చీకటి, కింద వెలుగు.

మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి దొప్ప ఒక అంచును 15 డిగ్రీలు వాల్చి కోస్తారు. దానివల్ల ఎడమపక్క, అంటే కాలిబాట మీద నడిచేవాళ్ళ వైపు, వెలుతురు కాస్త పైకి లేస్తుంది. ఎదురు బండి వచ్చే కుడిపక్క కిందే ఉంటుంది. విదేశాల నుంచి తెచ్చిన ఎడమ స్టీరింగ్ కారుకు ఆ దేశపు డూములే ఉంచేస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. ఏ బల్బు పెట్టినా ఎదుటివాడికే కొడుతుంది.

ఇప్పుడు ఆ మిల్లీమీటరు లెక్క. ఒక డూములో రిఫ్లెక్టరు నడిమధ్య నుంచి ఫోకస్ బిందువు 25 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. వెలుతురు పుట్టే చోటు ఒక మిల్లీమీటరు పైకో కిందికో జరిగింది. 25కు ఒకటి అంటే 4 శాతం వాలు. నడిమధ్య భాగం నుంచి వచ్చే కిరణం 25 మీటర్లు పోయేసరికి ఒక మీటరు పక్కదారి పడుతుంది. అర మిల్లీమీటరు జరిగినా అర మీటరు. ఒక కిలోమీటరు రాయిని గురి చూసి కొట్టాల్సిన వెలుతురు చెట్టు కొమ్మల్లో తేలుతుందన్నమాట.

ఎల్‌ఈడీ ఆ చోట కూర్చోగలదా

ఫిలమెంటు అంటే సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు, ఒకటిన్నర మిల్లీమీటర్ల లావు ఉన్న సన్నటి తీగచుట్ట. చుట్టూ 360 డిగ్రీలూ వెలుగుతుంది. పాత డూము గీసినవాడు దీన్ని దృష్టిలో పెట్టుకునే గీశాడు.

ఎల్‌ఈడీ చిప్పు చదునుగా ఉంటుంది, ఒక పక్కకే వెలుగుతుంది. అందుకే మధ్యలో ఒక లోహపు పలక పెట్టి, దానికి రెండు వైపులా చిప్పులు అతికిస్తారు. పలక మందం ఎంతో అంత దూరం వెలుతురు పుట్టే చోటు ఫోకస్ నుంచి పక్కకు జరిగినట్టే. పలక అంచు ఉన్న దిక్కున వెలుతురు పలచబడుతుంది. మంచి తయారీదారులు పలకను వీలైనంత సన్నగా చేసి, చిప్పుల వరసను ఫిలమెంటు కొలతకే తెచ్చి, డిమ్ చిప్పుల కింద అదే రకం దొప్పను కూడా పెడతారు. నాసిరకం దానిలో నాలుగైదు చిప్పులు ఎడాపెడా అతికించి ఉంటాయి. దొప్ప ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. రెండూ హెచ్4 హోల్డరులో దిగుతాయి, రెండూ తెల్లగా వెలుగుతాయి. రెంటికీ తేడా తెలియాలంటే చీకట్లో గోడ ముందు బండి నిలబెట్టి అడ్డగీత ఉందో లేదో చూడాల్సిందే. అంగట్లో బల్బు కొనేటప్పుడు గోడ చూపించేవాళ్ళు తక్కువ.

ఇంకో చిక్కు, బల్బు తిరిగి ఉన్న కోణం. చిప్పులు కుడి ఎడమ పక్కలకు చూస్తుండాలి. ఒక పావువంతు తిరిగి బిగిస్తే డూము పైసగానికి రావాల్సిన వెలుతురు పంపిణీ అంతా చెదిరిపోతుంది. అందుకే కొన్ని బల్బులకు అంచు తిప్పుకునే ఏర్పాటు ఉంటుంది.

డబ్బా మీద 20,000 ల్యూమెన్లు

ల్యూమెన్ అంటే బల్బు నుంచి అన్ని దిక్కులకూ వెలువడే మొత్తం వెలుతురుకు కొలమానం. నిబంధనల ప్రకారం హెచ్4 హాలోజన్ 13.2 వోల్టుల దగ్గర హైబీమ్‌లో సుమారు 1,650, డిమ్‌లో సుమారు 1,000 ల్యూమెన్లు ఇవ్వాలి. ఎల్‌ఈడీ డబ్బాల మీద 12,000, 20,000 అని అచ్చువేసి ఉంటుంది.

పరీక్షించడం కష్టమేమీ కాదు. బల్బు తీసుకునే కరెంటు కొలిస్తే చాలు. ఒక బల్బు 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకుంటే అది 24 వాట్లది. ఇలా వేడెక్కి పనిచేసే బల్బుల్లో వాటుకు 80 నుంచి 100 ల్యూమెన్లు వస్తే మంచిదే అనుకోవాలి. అంటే 1,900 నుంచి 2,400. ఇది కూడా హాలోజన్ డిమ్‌కు రెట్టింపే, తక్కువేమీ కాదు. కానీ 20,000 ఇవ్వాలంటే ఆ ఒక్క బల్బే 200 వాట్లు తాగాలి, పాత జీపు వైరింగు పొగలు కక్కాలి. డబ్బా మీది అంకెను ఒక సున్నా తీసేసి చదువుకుంటే దాదాపు సరిపోతుంది.

గుడ్డి వెలుతురుకు కారణం బల్బా, వైరా?

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. పాత కారు లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయంటే ఎక్కువసార్లు తప్పు బల్బుది కాదు.

చాలా పాత బండ్లలో రిలే ఉండదు. రిలే అంటే డాష్‌బోర్డు స్విచ్చి ఇచ్చే చిన్న కరెంటుతో పనిచేసి, బ్యాటరీ నుంచి బల్బుకు పెద్ద కరెంటు నేరుగా పంపే స్విచ్చి. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చికి వచ్చి, అక్కడినుంచి జీపులో అయితే కాలికింది డిమ్ స్విచ్చి గుండా పోయి, ముందున్న కనెక్టర్లు దాటి, బల్బు వెలిగించి, తుప్పు పట్టిన బాడీ ఎర్త్ గుండా వెనక్కి రావాలి. నలభై ఏళ్ళలో ఈ దారిలోని ప్రతి అతుకూ నల్లబడి ఉంటుంది. కాలికింది స్విచ్చి సంగతి చెప్పనక్కర్లేదు. చెప్పుల మట్టీ, వాననీళ్ళూ అన్నీ దానిమీదే.

రెండు డిమ్ బల్బులు, 55 వాట్ల చొప్పున 110 వాట్లు. 12తో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. ఈ దారి మొత్తంలో 0.2 ఓముల అడ్డంకి ఉందనుకుందాం. అది చాలా చిన్న అంకె, మామూలు మీటరులో సరిగ్గా తెలియను కూడా తెలియదు. కానీ 9 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ 1.8 వోల్టులు ఆవిరైపోతాయి.

రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు స్వభావం అలాంటిది కాదు. వోల్టేజి కొద్దిగా తగ్గినా వెలుతురు బాగా పడిపోతుంది. లెక్కలో చెప్పాలంటే వోల్టేజి నిష్పత్తిని దాదాపు 3.4 ఘాతానికి పెంచాలి. బ్యాటరీ దగ్గర 13.2 ఉండి, హోల్డరు దగ్గర 12.2 వస్తే పావువంతు వెలుతురు పోయినట్టు. హోల్డరు దగ్గర 11.2 వస్తే మిగిలేది 57 శాతమే. వెలుతురు తగ్గడమే కాదు, పసుపు ముదురుతుంది కూడా. "పాత హాలోజన్ అంటే ఇంతే" అని మనం సరిపెట్టుకునేది ఈ 57 శాతాన్ని చూసి.

ఇలాంటి బండిలో ఎల్‌ఈడీ పెడితే ఏమవుతుంది? కరెంటు 9 నుంచి 4 ఆంపియర్లకు తగ్గుతుంది. అదే 0.2 ఓముల దగ్గర పోయేది 0.8 వోల్టే. పైగా మంచి ఎల్‌ఈడీ లోపలి సర్క్యూటు వోల్టేజి కాస్త తగ్గినా చిప్పులకు అందే కరెంటును తగ్గనివ్వదు. వెలుతురు ఒక్కసారిగా నాలుగింతలు పెరిగినట్టు కనిపిస్తుంది. ఘనత బల్బుకు పోతుంది. వైరింగులోని రోగం అలాగే ఉంటుంది, ఇంకో చోట బయటపడే దాకా.

బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, రెండు రిలేలు పెట్టి, హోల్డర్లు మార్చి, ఎర్త్ శుభ్రం చేస్తే అదే 55 వాట్ల హాలోజన్ తన 100 శాతం ఇస్తుంది. 57 నుంచి 100కు పెరగడమంటే ముప్పావు వంతు ఎక్కువ వెలుతురు. అదీ అడ్డగీత చెదరకుండా. సెల్ఫ్ డైనమో షాపుల్లో చేయి తిరిగినవాళ్ళు బల్బు ముట్టుకునే ముందు హోల్డరులో మీటరు పెట్టి చూసేది ఇందుకే. ఇంకొందరు 100/90 వాట్ల హాలోజన్ వేస్తారు. దానికి హైబీమ్‌లో 16 ఆంపియర్లు దాటి కావాలి. రిలే లేని బండిలో వేస్తే మొదట కరిగేది హోల్డరు, తర్వాత స్విచ్చి.

రిఫ్లెక్టరు మాసిపోయి ఉంటే మాత్రం ఏ బల్బూ ఏమీ చెయ్యలేదు. వెండిపూత నల్లబడ్డ డూమును గుడ్డతో గట్టిగా రుద్దితే ఉన్న పూత కూడా లేచిపోతుంది.

డైనమో బండికి లాభం, పాజిటివ్ ఎర్త్ బండికి చిక్కు

ఎల్‌ఈడీ వైపు ఒక బలమైన వాదన ఉంది. బ్యాటరీ ఛార్జి చెయ్యడానికి ఆల్టర్నేటర్లు రాకముందటి బండ్లకు డైనమో ఉండేది. లూకాస్ సీ40 లాంటి డైనమో గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. ఇంజను నింపాదిగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. హైబీమ్‌కు 10 ఆంపియర్లు, వెనక లైట్లు, ఇగ్నిషన్, వైపరు కలిస్తే ఊరి మధ్య ట్రాఫిక్‌లో బ్యాటరీ దిగిపోతుంటుంది. అక్కడ ఎల్‌ఈడీ మిగిల్చే ఐదారు ఆంపియర్లు చిన్న విషయం కాదు.

కానీ అదే కాలపు బండ్లలో ఇంకో రెండు చిక్కులున్నాయి. బ్రిటిష్ డిజైన్ కార్లు అనేకం పాజిటివ్ ఎర్త్‌వి, అంటే బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. ఫిలమెంటుకు ప్లస్ మైనస్‌లతో పని లేదు. ఎల్‌ఈడీకి ఉంది. ఉల్టా కరెంటు ఇస్తే మంచిదైతే వెలగకుండా ఊరుకుంటుంది, లేకపోతే కాలిపోతుంది. రెండు విధాలా పనిచేసేవి ప్రత్యేకంగా వెతుక్కోవాలి. యుద్ధకాలపు విల్లీస్ జీపుల్లాంటి 6 వోల్టుల బండికి 12 వోల్టుల ఎల్‌ఈడీ అసలు అక్కరకు రాదు.

పాత రేడియో ఉన్న కారైతే మరో తమాషా. చవక ఎల్‌ఈడీల సర్క్యూటు మీడియం వేవ్‌లో గీ పెడుతుంది. లైటు వెయ్యగానే ఆకాశవాణి కడప కేంద్రం వార్తల వెనక దోమ పాట మొదలవుతుంది.

అనంతపురం ఎండ, ఎర్రగుంట్ల దుమ్ము

హాలోజన్ ఫిలమెంటు 2,500 డిగ్రీలు దాటి మండుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం కంటికి కనపడని కిరణాలుగా గాజు గుండా ముందుకే పోతుంది. ఎల్‌ఈడీ వేడి ముందుకు పోదు. చిప్పు వెనకనుంచి లోహంలోకి దిగి, బల్బు తోక దగ్గర పోగవుతుంది. అక్కడున్న రెక్కలో, చిన్న ఫ్యానో దాన్ని గాలిలోకి తోసెయ్యాలి. 24 వాట్ల బల్బులో పదిహేను వాట్లకు పైగా ఇలా వేడిగానే మిగులుతుంది.

పాత బండ్లలో డూము వెనక ఏముంటుంది? అంబాసిడర్ అయితే బంపర్ పైన మడ్‌గార్డులో ఇమిడిన రేకు గిన్నె. గాలి ఆడదు. వేసవిలో అనంతపురంలో 42 డిగ్రీల పగటి ఎండ తిని, పొద్దు గుంకాక కూడా కాలుతూనే ఉండే రేకు అది. ఆ గిన్నెలో ఫ్యాను తిరిగినా వేడిగాలినే తిప్పుతుంది. వేడి మితిమీరితే మంచి ఎల్‌ఈడీ తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది. చవకది తగ్గించుకోదు, కొన్నాళ్ళకు ఒక వరస చిప్పులు ఆరిపోతాయి. అంగట్లో రెండు నిమిషాలు వెలిగించి చూసిన వెలుతురు గంట ప్రయాణం తర్వాతా ఉంటుందని చెప్పలేం.

దుమ్ము ఇంకో సంగతి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారిలో, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల చుట్టూ తిరిగే బండికి పిండి లాంటి దుమ్ము ప్రతి సందులోకీ పోతుంది. గోరంత ఫ్యానుకు అది పట్టేస్తే తిరగడం ఆగుతుంది. దీనికి తోడు, బల్బు తోక లావుగా ఉండి పాత రబ్బరు టోపీ పట్టక దాన్ని తీసి పక్కన పడేస్తుంటారు. అక్కడినుంచి దుమ్మంతా నేరుగా రిఫ్లెక్టరు మీదికే. ఫ్యాను లేకుండా రెక్కలు మాత్రమే ఉండే బల్బులు ఈ ప్రాంతానికి కాస్త నయం, కానీ వాటి వెలుతురు కొంచెం తక్కువగా ఉంటుంది.

డిమ్ గీత ఒక శాతం లేస్తే

ఎదుటివాడి బాధ కొలవడానికి ఒక లెక్క. కారు హెడ్‌లైటు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. డిమ్ అడ్డగీత ఒక శాతం కిందికి వాలి ఉంటే 10 మీటర్ల దూరంలో 60 సెంటీమీటర్ల ఎత్తుకు దిగుతుంది, 70 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అదే గీత ఒక శాతం పైకి లేచి ఉంటే 50 మీటర్ల దగ్గర 120 సెంటీమీటర్లు అవుతుంది. ఎదురొచ్చే కారు డ్రైవరు కళ్ళు ఉండేది సరిగ్గా ఆ ఎత్తులో. రెండు శాతం తేడా, అంతే. బల్బు అర మిల్లీమీటరు జరగడం, వెనక సీట్లో నలుగురు, డిక్కీలో రెండు బస్తాల శనక్కాయలు, వీటిలో ఏ ఒక్కటైనా ఆ రెండు శాతాన్ని తెచ్చిపెట్టగలదు. హాలోజన్‌తో కూడా ఇదే జరుగుతుంది. వెలుతురు రెట్టింపైనప్పుడు బాధా రెట్టింపవుతుంది.

లోపలి డ్రైవరుకు ఇంకో భ్రమ ఉంది. ఎల్‌ఈడీతో బండికి ముందు పది పదిహేను మీటర్లు పాలు పోసినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపుకు కంటిపాప ముడుచుకుంటుంది. దూరాన ఉన్నది మరింత నల్లబడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. తేరుకుని బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను, తర్వాత పాత డ్రమ్ము బ్రేకులతో ఆగడం, మొత్తం 50 మీటర్లు దాటుతుంది. లైటు లేని ట్రాక్టరు ట్రాలీని, దారికి అడ్డంగా పోయే గొర్రెల మందను చూడాల్సింది ఆ 50 మీటర్లకు అవతల. "పగలు మాదిరి" ఉన్నది మాత్రం పదిహేను మీటర్లే.

రంగు సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. హాలోజన్ రంగు 3,200 కెల్విన్ దగ్గర పసుపు వైపు ఉంటుంది. ఎక్కువ ఎల్‌ఈడీలు 6,000 నుంచి 6,500, నీలి వైపు. వయసు మళ్ళిన కళ్ళలో, శుక్లం మొదలైన కళ్ళలో నీలిపాలు ఎక్కువున్న వెలుతురు మరింత చెదిరి ఇబ్బంది పెడుతుంది. తడిసిన తారు మీద తెల్లలైటు తేలిపోతుందని లారీ డ్రైవర్లు అనే మాటలో ఎంతో కొంత నిజముంది, అయితే అందులో అలవాటు పాలు కూడా ఉంది. పసుపుకు దగ్గరగా ఉండే ఎల్‌ఈడీలూ దొరుకుతున్నాయి.

డూమే మార్చేస్తే

బల్బు బదులు 7 అంగుళాల ఎల్‌ఈడీ డూములు మొత్తంగా వస్తున్నాయి. ఇందులో రిఫ్లెక్టరు గానీ, లెన్సు గానీ చిప్పుకు తగ్గట్టే గీసి ఉంటుంది. వేడి దిగడానికి వెనక అల్యూమినియం గిన్నె ఉంటుంది. మంచి కంపెనీది, ప్రమాణాల ముద్ర ఉన్నది అయితే అడ్డగీత కత్తితో కోసినట్టు పడుతుంది. సాంకేతికంగా చూస్తే పాత డూములో కొత్త బల్బు కన్నా ఇదే సరైన దారి. అడ్డొచ్చేది రూపం. గీతల గాజు, దాని వెనక మెల్లగా ఎర్రబడి ఆరే ఫిలమెంటు పోయి, తేనెతుట్టె లాంటి కళ్ళు వస్తాయి. జీపుకు కొందరు అదే ముచ్చటగా పెట్టిస్తారు. 1960ల కారుకు పెడితే మాత్రం చూసేవాళ్ళు ముఖం చిట్లిస్తారు.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మార్పులు కుదరవని చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

బల్బు మార్చడం ఈ మార్పు కిందికి వస్తుందా? ఒక వాదన, బల్బు రకం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండదు, అది టైరులా అరిగితే మార్చుకునే వస్తువు అని. ఎదురు వాదన, ఫిలమెంటు బల్బు కోసం ఆమోదం పొందిన దీపంలో ఇంకో రకం పెడితే ఆ ఆమోదమే చెల్లదని. రెండోది బలంగా ఉంది. కానీ రోడ్డు మీద అసలు పనికొచ్చే నిబంధన వేరే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 106వది. బండికి 8 మీటర్ల ముందు, కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి ముందు దీపం జిగేలుమనకూడదు అంటుంది అది. ఇందులో బల్బు రకం ప్రసక్తే లేదు. ఫోకస్ చెడిన హాలోజన్ కూడా ఈ నిబంధన తప్పినట్టే.

బయటి దేశాలు తలా ఒక దారి పట్టాయి. జర్మనీలో 2020లో ఓస్రామ్ కంపెనీ హెచ్7 (ఒకే ఫిలమెంటు ఉండే ఇంకో హాలోజన్ రకం) ఎల్‌ఈడీకి మొదటిసారి అనుమతి వచ్చింది. అదీ ఫలానా కారు, ఫలానా హెడ్‌లైటు అని జాబితాలో ఉన్నవాటికే. ఏ డూములో పెడుతున్నామన్నదే ముఖ్యమని ఒప్పుకున్నట్టు. బ్రిటన్ వార్షిక పరీక్షలో హాలోజన్ దీపంలో ఎల్‌ఈడీ పెడితే ఫెయిల్. కానీ 1986 ఏప్రిల్ 1కి ముందు రోడ్డెక్కిన బండ్లకు మినహాయింపు ఉంది. వాటిలో ఎల్‌ఈడీ ఉన్నంత మాత్రాన ఫెయిల్ చెయ్యరు, ఫోకస్ మాత్రం సరిగా ఉండాలి. మన పాత బండ్ల వాళ్ళు అడిగేది దాదాపు ఇదే.

మన దగ్గర వింటేజ్‌కు 2021 జులైలో వేరే నియమాలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల బండ్లు ఈ కోవలోకి వస్తాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు ఉంటాయి. ఈ బండిని ర్యాలీకో, ప్రదర్శనకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప రోజువారీ తిప్పకూడదు. పెద్ద మార్పులు అని నియమం చెప్పేది ఛాసిస్, బాడీ, ఇంజను గురించే. బల్బు ఊసు లేదు. అయినా ఈ వర్గంలో బండి పెట్టుకునేవాళ్ళు ఎల్‌ఈడీ జోలికి పెద్దగా పోరు. రాత్రి ప్రయాణమే తక్కువైనప్పుడు వాళ్ళకు దాని అవసరమూ తక్కువే.

చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్ళది. 1980ల, 90ల జీపునో అంబాసిడర్‌నో ఇంకా రోజూ నడుపుతూ, తెల్లవారుజామున పొద్దుటూరు మార్కెట్‌కో కర్నూలు ఆసుపత్రికో పోవాల్సిన వాళ్ళు. వాళ్ళకు వెలుతురు నిజంగానే కావాలి. అసలైనదే ఉంచాలనే పట్టుదల కన్నా గుంత కనపడటం ముఖ్యమని వాళ్ళంటే కాదనలేం. అలాంటివాళ్ళు రిలే వైరింగు చేయించుకున్నాక కూడా చాలకపోతే ఎల్‌ఈడీ వైపు చూస్తారు. పాత హోల్డరు కొయ్యకుండా, డూముకు రంధ్రం వెయ్యకుండా పెట్టిస్తే ఫిట్‌నెస్‌కు పోయేముందు పాత బల్బు మళ్ళీ పెట్టుకోవడం పది నిమిషాల పని. అలా మార్చుకుని పోయేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బల్బు మారిన ప్రతిసారీ ఫోకస్ కూడా మారుతుంది. ఆటోమేటెడ్ ఫిట్‌నెస్ కేంద్రాల్లోని హెడ్‌లైట్ టెస్టర్ కొలిచేది వెలుతురు ఎంత, ఎటు పోతోంది అన్నదే. హాలోజన్ తిరిగి పెట్టి, దీపం గురి సరిచేసే ఫోకస్ స్క్రూలు ముట్టుకోకుండా పోయిన బండి అక్కడ తప్పే అవకాశం ఎల్‌ఈడీ బండికి ఉన్నంతా ఉంది.